బరువైనది కిందికి, తేలికైనది పైకి అంటారు సరే, మరి యురేనియం పైనెందుకుంది?

కొత్తమట్టి

భూమి పొరల గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట. బరువైన పదార్థం లోపలికి దిగింది, తేలికైనది పైకి తేలింది, అందుకే అడుగున ఇనుము, దానిమీద రాయి, ఆపైన నీళ్లు, ఆపైన గాలి. వినడానికి బాగానే ఉంది కానీ మూడు చోట్ల తిరకాసు వస్తోంది.

యురేనియం సాంద్రత 19 గ్రా./ఘ.సెం.మీ. ఇనుముది 7.9 మాత్రమే. అలాంటప్పుడు యురేనియం భూకేంద్రంలో ఉండాలి. గ్రానైట్‌లో దొరుకుతోందేం?

కార్బన్ డయాక్సైడ్ గాలికి ఒకటిన్నర రెట్లు బరువు. నేలంతా దుప్పటిలా పరుచుకోవాలి కదా. ఓజోన్ అంతకంటే బరువు, అదేమో 20–25 కి.మీ. పైన కూర్చుంది.

ట్రోపో, స్ట్రాటో, మీసో అని వాతావరణానికి చెప్పే పొరలు కూడా సాంద్రత విడదీసినవేనా?

రాతిపొర

మొదటిది నేను తీసుకుంటాను. మిగతా రెండూ గాలి సంగతులు, మేఘమాపి గారికి వదిలేస్తున్నా.

యురేనియంతో పాటు బంగారాన్ని కూడా పక్కన పెట్టి చూడండి. బంగారం సాంద్రత 19.3, యురేనియం 19.05. దాదాపు ఒకే తూకం. అయినా భూమిలోని బంగారంలో చాలా భాగం కోర్‌లోకి, అంటే భూమి నడిమధ్యనున్న లోహపు గుండెలోకి దిగిపోయింది, యురేనియం పైకొచ్చి భూపటలంలో, అంటే పై పెంకులో చేరింది. సాంద్రతే మూలకాలను ఏరి పెట్టి ఉంటే ఇవి రెండూ ఒకే చోట ఉండేవి.

సాంద్రత విడదీసింది రెండు ద్రవాలను. తొలినాటి భూమిలో కరిగిన రాయి ఒక ద్రవం, కరిగిన ఇనుము ఇంకో ద్రవం, నూనె నీళ్లలా ఒకదానిలో ఒకటి కలవవు. బరువైన ఇనుప ద్రవం చుక్కలు చుక్కలుగా కిందికి కారింది. మిగతా మూలకాలన్నీ ఈ రెండిట్లో ఏది తమను కరిగించుకుంటే దాని వెంట పోయాయి. ఇనుముతో కలిసేవి, రాయితో కలిసేవి, గంధకంతో కలిసేవి, వాయువులుగా ఉండేవి అని భూరసాయన శాస్త్రవేత్త గోల్డ్‌ష్మిట్ 1920లలో చేసిన విభజన ఇదే. బంగారం, ప్లాటినం, నికెల్ ఇనుము బండి ఎక్కాయి. యురేనియం, థోరియం ఆక్సిజన్‌ను వదలవు కాబట్టి రాతి వైపు ఉండిపోయాయి.

తర్వాత ఇంకో మెట్టు ఉంది. యురేనియం అయాను పెద్దది, మాంటిల్ (పటలానికీ కోర్‌కూ మధ్యనున్న మందపాటి రాతి పొర) ఖనిజాల స్ఫటికాల్లో ఇమడదు. మాంటిల్ రాయి కొద్ది శాతం కరిగినా చాలు, ఆ కరిగిన భాగంలోకి దూరేస్తుంది. ఆ ద్రవం చుట్టూ ఉన్న రాతికంటే తేలిక, కనుక పైకి లేస్తుంది. ఇలా కోట్ల ఏళ్లు జరిగాక ఖండాల పైపటలంలో యురేనియం పది లక్షల భాగాలకు 2.7 దాకా పేరుకుంది. మాంటిల్ మొదటి మిశ్రమంలో అది 0.02. వందరెట్లకు పైనే. తన బరువుతో ఏ సంబంధమూ లేకుండా, ఎక్కిన వాహనం తేలిక కావడం వల్ల పైకి వచ్చిందన్నమాట.

సూటిమాట

సరే, కానీ లోపల ఎంత సాంద్రత ఉందో ఎవరు చూసొచ్చారు? భూకంప తరంగాలు లోపల వేగంగా పోతాయి కాబట్టి అక్కడ సాంద్రత ఎక్కువ అని తేల్చారు, అంతే కదా.

లోలకం

ఆ వాక్యం చాలా పుస్తకాల్లో ఉంది, తప్పు. సూత్రంలో సాంద్రత కింద, భాజకంలో ఉంటుంది. భూకంప తరంగాల్లో నొక్కుతూ సాగేది పి, అడ్డంగా ఊపుతూ సాగేది ఎస్. పి-తరంగ వేగం వర్గం = (నొక్కుడుకు నిరోధం + మూడింట నాలుగు వంతుల కోత నిరోధం) ÷ సాంద్రత. మిగతావి మారకుండా సాంద్రత ఒక్కటే పెరిగితే తరంగం *నెమ్మదిస్తుంది*. లోపలికి పోయే కొద్దీ రాయి బరువు పెరిగేదానికంటే గట్టిదనం ఎక్కువ పెరుగుతుంది, అందుకే మొత్తంమీద వేగం పెరుగుతుంది. రుజువు కావాలంటే 2,891 కి.మీ. లోతున చూడండి. మాంటిల్ అయిపోయి కోర్ మొదలయ్యే చోట సాంద్రత 5.57 నుంచి 9.90కి ఎగబాకుతుంది. పి-తరంగ వేగం సెకనుకు 13.7 కి.మీ. నుంచి 8.1కి పడిపోతుంది. ఎస్-తరంగం అసలు దాటదు, అక్కడున్నది ద్రవం.

సాంద్రతకు తొలి ఆధారం తూకం. 1798లో కావెండిష్ సీసపు గోళాల మధ్య ఆకర్షణ కొలిచి భూమి సగటు సాంద్రత నీటికి 5.48 రెట్లని తేల్చాడు. ఇప్పటి విలువ 5.51. కాలికింద రాయి 2.7 దగ్గర ఉంటే సగటు 5.5 ఎలా వచ్చింది? ఎక్కడో లోపల చాలా బరువైనది ఉండాలి.

అది మధ్యలో పోగై ఉందా, అంతటా పరుచుకుని ఉందా అన్నది భూమి తిరిగే తీరు చెప్తుంది. బరువు మధ్యకు ఎంత పోగైతే జడత్వ భ్రామక గుణకం (తిప్పుడుకు ఎదురు నిలిచే కొలత) అంత తగ్గుతుంది. అంతటా ఒకే సాంద్రత ఉన్న గోళానికి అది 0.4. భూమికి 0.3307. భూమి ఉబ్బు వల్ల ఉపగ్రహాల కక్ష్యల్లో కనిపించే గుణకం 0.0010826, అక్షం బొంగరంలా 25,800 ఏళ్లకోసారి తిరిగే చలనం నుంచి వచ్చే నిష్పత్తి 0.003274. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.3307.

ఇక కాగితంమీద చేయదగ్గ లెక్క. భూమిని రెండే ముద్దలనుకుందాం: 3,480 కి.మీ. వ్యాసార్థం కోర్, 6,371 దాకా రాయి. వ్యాసార్థాల నిష్పత్తి 0.546. దాని ఘనం 0.163, ఐదో ఘాతం 0.0486. రాతి సాంద్రత ర, కోర్‌కూ రాతికీ తేడా త అనుకుంటే:

ర + 0.163 త = 5.515 (ఇది మొత్తం బరువు)
ర + 0.0486 త = 5.515 × 0.3307 ÷ 0.4 = 4.56 (ఇది భ్రామకం)

ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే త = 8.35, ర = 4.15, కోర్ = 12.5.

అసలు విలువలు? మాంటిల్ సగటు 4.45, కోర్ సగటు 11. మన కోర్ బరువెక్కువ వచ్చింది. ప్రతి ముద్దలోనూ సాంద్రత ఒకటే అనుకోవడం వల్ల వచ్చిన పొరపాటు అది. నిజంగా మాంటిల్ అడుగు పైభాగంకంటే చాలా బరువు. ఆ లోపలి బరువుదనాన్ని మన నమూనా మాంటిల్‌లో చూపలేదు, అందుకని దాన్నంతా కోర్ నెత్తిన వేసింది. అయినా రెండు సమీకరణాలతో లోహపు గుండె ఉందని తేలిపోవడం ముచ్చటగా లేదూ!

కొత్తమట్టి

లోలకం గారూ, లెక్క చేసి చూశాను, కుదిరింది. మాంటిల్ అడుగు బరువెక్కడం అంటే అక్కడ వేరే పదార్థం ఉన్నట్టా? లేక పైబరువుకు నలిగిందా?

లోలకం

ఎక్కువ భాగం నలుగుడే. దీనికి 1923లో ఆడమ్స్, విలియమ్సన్ ఇచ్చిన లెక్క ఇప్పటికీ మొదటి మెట్టు. కిలోమీటరు దిగితే ఎంత సాంద్రత పెరుగుతుంది? సాంద్రతను గురుత్వంతో హెచ్చవేసి, (పి వేగం వర్గం − మూడింట నాలుగు వంతుల ఎస్ వేగం వర్గం)తో భాగించాలి. 1,000 కి.మీ. లోతున పి 11.46, ఎస్ 6.40 కి.మీ./సె. అంటే 131.3 − 54.6 = 76.7. సాంద్రత 4,580 కి.గ్రా./ఘ.మీ., గురుత్వం 9.97. ప్రతి 100 కి.మీ.కీ సుమారు 60 కి.గ్రా. పెరగాలి. 1981 నాటి జివోన్‌స్కీ–ఆండర్సన్ ప్రామాణిక నమూనా పట్టికలో అక్కడ పెరుగుదల 58.

ప్రమాణాల దగ్గర జాగ్రత్త. వేగాలు కి.మీ.ల్లో ఉంచి సాంద్రత మీటర్ల లెక్కన వేస్తే జవాబు పది లక్షల రెట్లు తప్పుతుంది. ఈ సూత్రం పనిచేసేది కూడా పదార్థం, స్ఫటిక రూపం మారని మేరకే.

రాతిపొర

ఆ రూపం మారే చోట్లే అసలు రుచి. 410 కి.మీ. దగ్గర ఆలివిన్ అణువులు దగ్గరగా సర్దుకుని వాడ్స్‌లీయైట్ అవుతుంది. 660 దగ్గర రింగ్‌వుడైట్ విడిపోయి బ్రిడ్జ్‌మనైట్, ఇంకో ఆక్సైడుగా మారుతుంది. రెండో చోట సాంద్రత 3.99 నుంచి 4.38కి ఒక్క గెంతు. పదార్థం అదే, పేర్పు వేరు. లోలకం గారు చెప్పిన ప్రామాణిక పట్టికలో ఈ గెంతులు 400, 670 దగ్గర రాసి ఉంటాయి. తర్వాతి కొలతల్లో 410, 660 అయ్యాయి. రెండు పుస్తకాల్లో రెండు అంకెలు చూసి కంగారు పడొద్దు.

ఒత్తిడి తీసేస్తే భూమి మొత్తం సగటు 4 పైచిలుకు మాత్రమే, 5.51 కాదు. కోర్ ఇనుము కూడా అంతే. బయట 7.9 ఉన్నది కేంద్రంలో 364 గిగాపాస్కల్ నొక్కుడుకు 13 అయింది. అయినా అంత ఒత్తిడిలో శుద్ధ ఇనుము–నికెల్ ఎంత తూగాలో అంత బయటి కోర్ తూగదు, 5 నుంచి 10 శాతం తక్కువ. గంధకం, సిలికాన్, ఆక్సిజన్ లాంటి తేలిక మూలకాలు కలిసి ఉన్నాయి. ఇనుము గడ్డకట్టి లోపలి కోర్‌కు అతుక్కుంటుంటే ఈ తేలికవి చాలావరకు ద్రవంలోనే మిగిలి పైకి లేస్తాయి. బయటి కోర్‌ను కవ్వంలా చిలికి అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టేవాటిలో ఇది పెద్దది. సాంద్రత పని ఇంకా ముగియలేదన్నమాట.

మేఘమాపి

గాలి వైపు వస్తున్నా. ముందు కార్బన్ డయాక్సైడ్.

నూనె, నీళ్లు కలవవు. వాయువులు ఎంతైనా కలుస్తాయి. కలిసిన గాలిలోంచి బరువైన అణువులు ఒక్కొక్కటిగా కిందికి దిగాలంటే వ్యాపనం (అణువులు తమంత తామే గుద్దుకుంటూ పాకడం) ఒక్కటే దారి. దానికెంత పడుతుందో కాకిలెక్క: వాతావరణం లక్షణ ఎత్తు (పీడనం దాదాపు మూడో వంతుకు పడిపోయే ఎత్తు) 8,000 మీటర్లు, వర్గం చేస్తే 6.4 కోట్లు, వ్యాపన గుణకం 0.00002తో భాగిస్తే 3.2 లక్షల కోట్ల సెకన్లు. లక్ష ఏళ్లు. అన్నిటికంటే కిందున్న ట్రోపో ఆవరణంలో గాలిని కిందినుంచి పైదాకా చిలకడానికి సుడులకూ మబ్బులకూ రోజులు, వారాలు చాలు. లక్ష ఏళ్ల పనికి వారం రోజుల కవ్వం అడ్డం పడితే ఏది గెలుస్తుంది? అందుకే ఆక్సిజన్ నేలమీదా 20.95 శాతమే, ఎవరెస్టు కొనమీదా 20.95 శాతమే. అక్కడ ఊపిరాడనిది పాలు తగ్గి కాదు, మొత్తం గాలే పల్చబడి.

ఓజోన్ పైన ఉండటానికి కారణం అది తయారయ్యేది అక్కడే. అతినీలలోహిత కిరణాలు ఆక్సిజన్ అణువును చీలిస్తే పుడుతుంది. గాలికి నాలుగు రెట్లు బరువుండే క్లోరోఫ్లోరో కార్బన్లు (పాత ఫ్రిజ్‌లలో వాడిన, ఓజోన్‌ను తినే వాయువులు) ట్రోపోపైనున్న స్ట్రాటో ఆవరణం ఎక్కలేవని ఒకప్పుడు వాదించినవాళ్లున్నారు. అదీ మీ ప్రశ్నలోని పొరపాటే. కొలిస్తే అక్కడ దొరికాయి.

సూటిమాట

మరి పాడుబడ్డ బావిలో దిగినవాళ్లు కార్బన్ డయాక్సైడ్‌కు చనిపోతారు కదా. అక్కడ కిందే ఉంటోందిగా?

మేఘమాపి

ఉంటుంది. అక్కడది *కలవకముందు* ముద్ద. మట్టి నుంచి, కుళ్లుడు నుంచి వచ్చిన వాయువు గాలి ఆడని గుంతలో అలాగే నిలిచిపోతుంది. ఆక్సిజన్‌ను నేల పీల్చేసుకోవడం కూడా అందులో భాగం. 1986 ఆగస్టు 21న కామెరూన్‌లో న్యోస్ సరస్సు అడుగున కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారి పొంగి బయటపడింది. చల్లని బరువు వాయువు లోయల వెంట నీళ్లలా పారి సుమారు 1,700 మందిని బలిగొంది. గాలి దాన్ని చిలికి పల్చబరిచాక మళ్లీ విడివడి కిందికి చేరలేదు. బరువు వాయువు కారిన చోట నుంచి పల్లం వైపు పరుగెత్తకూడదు, మిట్ట ఎక్కాలి అనేది ఇందుకే.

చిలకడం ఆగిన చోట గురుత్వం తన ఏరుడు పని మొదలెడుతుంది. రెండు చోట్ల చూడొచ్చు. ఒకటి, ధ్రువాల మంచులో పైన ఇంకా గట్టిపడని 70 మీటర్ల పొర. దాని సందుల్లోని గాలి కదలదు. అక్కడ అడుగున బరువైన నైట్రోజన్ ఐసోటోపు వెయ్యికి 0.3 పాళ్లు ఎక్కువ తేలుతుంది. పాత గాలి కొలిచేవాళ్లు ఆ మేరకు సవరణ చేసి తీరాలి. రెండోది, నేలనుంచి 100 కి.మీ. పైన. రాకెట్లు వదిలిన వాయువుల జాడల ఫొటోలు చూడండి. 100 కి.మీ. కింది భాగం ముడులు పడి, చిక్కులు పడి ఉంటుంది. దానిపైన అదే గీత నున్నగా, దారంలా సాగుతుంది. సుడులు ఆగిపోయిన గీటు కంటికి కనిపిస్తుంది. ఆపైన మీరనుకున్న సూత్రమే: ముందు నైట్రోజన్ తగ్గిపోతుంది, 200 కి.మీ. తర్వాత ఒంటరి ఆక్సిజన్ పరమాణువులు, 600 దాటాక హీలియం, అన్నిటికంటే పైన హైడ్రోజన్.

కొత్తమట్టి

అంటే ట్రోపో, స్ట్రాటో పొరలు సాంద్రత పొరలు కావా?

మేఘమాపి

వాటి హద్దులు గీసింది ఉష్ణోగ్రత. గాలి సాంద్రతకు రాతిలో ఉన్నట్టు గెంతులు లేవు, జారుడుబల్లలా తగ్గుతూ పోతుంది. లెక్క ఇది: సాంద్రత = పీడనం ÷ (287.05 × కెల్విన్ ఉష్ణోగ్రత). ప్రామాణిక వాతావరణంలో నేలమీద 101325 ÷ (287.05 × 288.15) = 1.225 కి.గ్రా./ఘ.మీ. 5.5 కి.మీ. దగ్గర పీడనం సగమైపోతుంది, సాంద్రత మాత్రం 0.70, సగానికి కాస్త పైనే. కారణం అక్కడి చలి. 11 కి.మీ.కు 0.364, 20కి 0.089.

మరి ఉష్ణోగ్రతతో గీసిన హద్దు అంత గట్టిగా ఎందుకు నిలబడుతుంది? అక్కడే సాంద్రత పనిలోకి దిగుతుంది. 20 కి.మీ. దగ్గర గాలి −56.5 డిగ్రీలు. ఒక ముద్దను కిలోమీటరు పైకి నెడితే వ్యాకోచించి 9.8 డిగ్రీలు చల్లబడుతుంది, −66.3. అక్కడి గాలి −55.5. ముద్ద చుట్టుపక్కల కంటే 5 శాతం బరువు, వెంటనే కిందికి తిరుగుముఖం. ఉరుముల మబ్బు నెత్తి దాగలిలా చదునుగా పరుచుకునేది ఇందుకే. ట్రోపో ఆవరణంలో పైకి పోయే కొద్దీ చలి కాబట్టి ముద్ద లేస్తూ పోగలదు.

తడి విషయం కూడా చాలామంది తలకిందులు చేస్తారు. తడి గాలి పొడి గాలి కంటే *తేలిక*. నీటి అణువు 18, గాలి సగటు 29. 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తడిసిన గాలి 1.146, పొడిది 1.164. తేలే విషయంలో అది 5 డిగ్రీలు అదనంగా వేడెక్కినట్టే లెక్క. మబ్బు లేస్తుందా లేదా చూసేటప్పుడు ఈ సవరణ వదిలేస్తే అంచనా తప్పుతుంది.

పైపొరల సాంద్రత స్థిరం అనుకోవడం ఇంకో పొరపాటు. సౌర తుఫాను వస్తే మీసోపైనున్న థర్మో ఆవరణం వేడెక్కి ఉబ్బుతుంది. 2022 ఫిబ్రవరిలో 210 కి.మీ. దగ్గర వదిలిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 గాలి ఒరిపిడి పెరిగి కూలాయి.

రాతిపొర

పర్వతాల సంగతి ఎవరూ ఎత్తలేదు. సాంద్రత పటలాన్ని తేలుస్తోందని తెలిసింది భారతదేశ సర్వేలోనే. మధ్య భారతంలోని కల్యాణ్‌పూర్, హిమాలయానికి దగ్గర్లోని కలియానా మధ్య అక్షాంశ దూరాన్ని నేలమీద కొలిస్తే ఒకటి, నక్షత్రాలతో చూస్తే ఇంకొకటి వచ్చింది, తేడా 5.236 కోణపు సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక సెకను). హిమాలయం తూకపు గుండును తనవైపు లాగి ఉంటుందని ప్రాట్ లెక్క వేస్తే 15.885 సెకన్లు రావాలి. కొండ ఉండాల్సినంత లాగలేదు! 1855లో ఎయిరీ చెప్పిన జవాబు, కొండ కింద తేలిక రాతి వేరు లోతుగా దిగి ఉంది.

వేరు లోతు = ఎత్తు × పటలం సాంద్రత ÷ (మాంటిల్ − పటలం). టిబెట్ ఎత్తు 5 కి.మీ., సాంద్రతలు 2.8, 3.3 అయితే వేరు 28 కి.మీ. మామూలు పటలం 35, దానికి 5, 28 కలిపితే 68. భూకంప తరంగాలు చూపేది 70 దరిదాపుల్లో. కిటుకు భాజకంలో ఉంది: 2.67, 3.27 తీసుకుంటే అదే వేరు 22కి పడిపోతుంది. చిన్న తేడాతో భాగించే లెక్కల్లో రెండో దశాంశం కూడా ముఖ్యం, కాబట్టి రాతి ముక్క సాంద్రత చేత్తో కొలిచేటప్పుడు ఆషామాషీగా వద్దు. గాలిలో 214 గ్రా., నీళ్లలో వేలాడదీస్తే 134 గ్రా. అయితే 214 ÷ 80 = 2.675. ముక్కకు అంటిన బుడగలు తుడవకపోయినా, రంధ్రాల రాతిని ముందు నానబెట్టకపోయినా అంకె తక్కువొస్తుంది.

కొత్తమట్టి

పిల్లలకు జాడీలో పొరలు చూపించాలంటే ఏ పాళ్లు?

లోలకం

240 గ్రా. నీళ్లు + 60 గ్రా. ఉప్పు (సాంద్రత 1.148), 270 గ్రా. నీళ్లు + 30 గ్రా. ఉప్పు (1.071), ఉత్త నీళ్లు 280 గ్రా. మూడిటికీ మూడు రంగులు. కాచి చల్లార్చిన నీళ్లు వాడండి, లేదంటే కరిగి ఉన్న గాలి బుడగలై లేస్తూ హద్దులను చెరిపేస్తుంది. మూడూ ఒకే వెచ్చదనానికి వచ్చేదాకా ఆగండి. పైనుంచి పోయొద్దు. ముందు జాడీలో ఉత్త నీళ్లు పోసి, సిరంజికి సన్నగొట్టం తగిలించి మొన అడుగున ఆనించి, 10 శాతం ఉప్పునీటిని మెల్లగా ఎక్కించండి. అది కింద చేరి నీళ్లను పైకెత్తుతుంది. దానికింద 20 శాతంది. గొట్టంలో గాలి లేకుండా ముందే నింపుకోవాలి. ఆఖర్న పైన 2 సెం.మీ. నూనె.

ఎండపడే కిటికీ దగ్గర పెట్టొద్దు, గాజు ఒకవైపు వేడెక్కి లోపల ప్రవాహాలు పుడతాయి. హద్దు 1 సెం.మీ. మసకబారడానికి 9 గంటలు, 2 సెం.మీ.కు దాదాపు 37. మర్నాడు ఉప్పునీళ్ల హద్దులు కరిగి రంగులు ఒకదానిలోకి ఒకటి జారి ఉంటాయి, నూనె గీటు మాత్రం కత్తితో కోసినట్టు అలాగే ఉంటుంది. పిల్లలకు ఆ రెండో రోజు జాడీయే చూపించండి. మేఘమాపి గారి గాలీ, రాతిపొర గారి ఇనుమూ రెండూ అందులోనే ఉన్నాయి.

రాతిపొర

నూనెకు రంగు వేయబోయి నీళ్ల రంగు కలపకండి, అది చుక్కలై కిందికి కారి పై పొరను పాడుచేస్తుంది. అయినా ఒకసారి కావాలనే వేసి చూడటం మంచిదేమో. ఇనుము మాంటిల్‌ను దాటి దిగిన తీరు అచ్చం అదే.